మీటరుకు కాస్ ఫై తెలియదు

పోయిన వారం మా అక్క కూతురు ఒక ఫొటో పంపింది. ఎల్‌ఈడీ బల్బు మెడ మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది: 9 వాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.5. ఫొటో కింద ఆమె ప్రశ్న. "మావయ్యా, కాస్ ఫై 0.5 అంటే ఫై 60 డిగ్రీలు కదా. కరెంటు 60 డిగ్రీలు వెనకబడాలంటే లోపల పెద్ద కాయిల్ ఉండాలి. బల్బు విప్పి చూశాను, అంత కాయిల్ ఎక్కడా కనబడలేదు. ఎక్కడ దాచారు?"

తను ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం చదువుతోంది. పవర్ ఫ్యాక్టర్ అంటే నిజంగా ఖర్చయ్యే వాట్లను వోల్టులు, ఆంపియర్ల లబ్ధంతో (దాన్ని వీఏ అంటారు) భాగిస్తే వచ్చే అంకె. వోల్టేజీ కన్నా కరెంటు ఎంత వెనకబడిందో చెప్పే కోణం ఫై, పవర్ ఫ్యాక్టర్ ఆ కోణపు కాస్ (కొసైన్) అని పాఠం. లెక్కలో తప్పేమీ లేదు. పాఠంలో చెప్పింది చెప్పినట్టు చేసింది. అక్కడితో ఆగకుండా ఆ 60 డిగ్రీలను సరిచేయడానికి ఎంత కెపాసిటర్ కావాలో కూడా కట్టేసింది. 18 వీఏ, 9 వాట్లు, అంటే 15.6 వార్లు (వీఏ వర్గంలోంచి వాట్ల వర్గం తీసేసి వర్గమూలం తీస్తే వచ్చేది, రియాక్టివ్ పవర్ అంటారు). 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 0.94 మైక్రోఫారాడ్. "పెట్టి చూడనా?" అని చివర్లో ఒక ముక్క.

పెడితే ఏమవుతుందో చెప్తాను. ఆ బల్బు మొదట 78 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. కెపాసిటర్ పెట్టాక లైన్లో కరెంటు సుమారు 103 మిల్లీఆంపియర్లకు పెరుగుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.5 నుంచి 1 కి ఎగబాకే బదులు 0.38 దగ్గరికి జారుతుంది. అంత శ్రద్ధగా చదివిన పిల్ల, ఒక్క మెట్టు కూడా తప్పకుండా, సరిగ్గా తప్పు చోటికి చేరింది.

జవాబు రాద్దామని కూర్చుని మూడుసార్లు రాసి చెరిపేశాను. నేను నేర్చుకున్నదీ ఆ పాఠమే. కొన్నాళ్లు పిల్లలకు చెప్పిందీ అదే. తప్పు ఆమెది అనడానికి నోరు రాలేదు. చివరికి ఆమెకు నాలుగు వాక్యాలు రాసి పంపి, మిగిలిన కడుపుబ్బరం ఇక్కడ దింపుకుంటున్నాను.

నా మాట ఇది: "వి ఐ కాస్ ఫై" (వోల్టేజీ × కరెంటు × కాస్ ఫై) రియల్ పవర్‌కు, అంటే నిజంగా ఖర్చయ్యే వాట్లకు, నిర్వచనం కాదు, అడ్డదారి. చక్కటి అడ్డదారే, ఎందరికో కాలం ఆదా చేసిన దారే. కానీ వోల్టేజీ, కరెంటు రెండూ సైన్ వేవ్‌లుగా ఉన్నంత వరకే ఆ దారి తెరిచి ఉంటుంది. మనం దాన్ని రాజమార్గంలా మొదట చూపించి, అసలు దారిని డెరివేషన్ పేరుతో అర పేజీలో చుట్టేస్తున్నాం. పరీక్ష అయ్యాక ఆ అర పేజీ ఎవరికి గుర్తుంటుంది?

ఆరు అంకెల సంగతి

అసలు దారి చాలా చిన్నది. ఏ క్షణంలోనైనా అప్పటి వోల్టేజీని అప్పటి కరెంటుతో గుణించాలి. అది ఆ క్షణపు పవర్. అలా ఒక సైకిల్ పొడవునా వచ్చిన లబ్ధాల సగటు తీయాలి. అదే రియల్ పవర్. అంతే. ఇందులో కోణం లేదు, సైన్ లేదు, కాస్ లేదు. వేవ్ ఏ ఆకారంలో ఉన్నా ఈ మాట చెల్లుతుంది.

ఇలా అనగానే పాఠాలు చెప్పేవాళ్ల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. "ఇంటెగ్రేషన్ రాని పిల్లలకు సగటు ఎలా చెప్తారు?" ఇంటెగ్రేషన్ అక్కర్లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. పీక్ విలువ 1 ఉన్న వోల్టేజీ, పీక్ విలువ 1 ఉన్న కరెంటు తీసుకుందాం. కరెంటు 60 డిగ్రీలు వెనక ఉందనుకుందాం. 30 డిగ్రీలకొక అంకె చొప్పున అర సైకిల్ రాస్తే వోల్టేజీ ఇలా వస్తుంది: 0, 0.5, 0.866, 1, 0.866, 0.5. అవే క్షణాల్లో కరెంటు: −0.866, −0.5, 0, 0.5, 0.866, 1. జతలు గుణిస్తే 0, −0.25, 0, 0.5, 0.75, 0.5. మొత్తం 1.5. ఆరుతో భాగిస్తే 0.25.

ఇప్పుడు ఫార్ములా వేసి చూడండి. ఆర్‌ఎంఎస్ విలువలు (వర్గాల సగటుకు వర్గమూలం) రెండూ 0.707, వాటి లబ్ధం 0.5, దాన్ని కాస్ 60 తో గుణిస్తే 0.25. అదే జవాబు. రెండో అర సైకిల్‌లో వోల్టేజీ, కరెంటు రెండూ గుర్తు మార్చుకుంటాయి కాబట్టి లబ్ధాలు మళ్లీ అవే వస్తాయి. 50 హెర్ట్జ్ సరఫరాలో పవర్ సెకనుకు 100 సార్లు ఊగడానికి కారణం ఇదే. వేరే పాఠం అక్కర్లేదు, పట్టికలోనే కనబడుతుంది.

నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైనది రెండో అంకె, −0.25. వోల్టేజీ ఒక దిక్కు, కరెంటు ఇంకో దిక్కు. ఆ కాసేపు లోడే (కరెంటు వాడుకునే వస్తువే) సోర్సుకు పవర్ తిరిగిస్తోంది. ఫార్ములా మొదట నేర్చినవాడికి ఈ మైనస్ కనబడదు, అప్పటికే కాస్ ఫై దాన్ని మింగేసి ఉంటుంది. ఫై అంటే కాగితం మీద రెండు బాణాల మధ్య కోణం, అంతే. పట్టిక వేసుకున్నవాడు మాత్రం "ఇదేంటి, మైనస్ వచ్చింది?" అని ఆగుతాడు. ఆ ఆగడంలోనే సగం పాఠం ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. వోల్టేజీ ఆర్‌ఎంఎస్‌ను కరెంటు ఆర్‌ఎంఎస్‌తో గుణిస్తే వచ్చే అప్పరెంట్ పవర్ ఈ పట్టికలో ఎక్కడా లేదని తెలుస్తుంది. 230 వోల్టులు, 10 ఆంపియర్లు, 60 డిగ్రీలు: 2300 వీఏ, 1150 వాట్లు. ఆ 2300 అనేది వైర్ల లావుకీ ట్రాన్స్‌ఫార్మర్ సైజుకీ సంబంధించిన కొలత. లోడుకు చేరే పవర్ ఎంతో అది చెప్పదు. దీన్ని నురగ ఉన్న గ్లాసు బొమ్మతో చెప్పే అలవాటొకటి ఉంది, నాకది మొదట్నుంచీ పడదు. అందులో పానీయం వాట్లు, నురగ వార్లు, మొత్తం గ్లాసు వీఏ. గ్లాసులో పానీయం ఎత్తూ నురగ ఎత్తూ కలిపితే గ్లాసు ఎత్తు వస్తుంది. ఇక్కడ మాత్రం 600 వాట్లు, 800 వార్లు కలిస్తే 1000 వీఏ. బొమ్మ చూసి నవ్వుకున్న పిల్లవాడు లెక్క దగ్గరికొచ్చేసరికి బిక్కమొహం వేస్తాడు.

డయోడు పెట్టిన హీటరు

కాస్ ఫై ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడటానికి ఎల్‌ఈడీ డ్రైవర్ దాకా పోనక్కర్లేదు. 230 వోల్టుల 1000 వాట్ల హీటరు తీసుకుని దానికి సిరీస్‌లో ఒక డయోడు (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చేది) పెట్టండి. కొన్ని హెయిర్ డ్రయ్యర్లలో తక్కువ వేడి స్విచ్ వెనక ఉండేది ఈ ఏర్పాటే. సగం సైకిల్ కరెంటు వెళ్తుంది, సగం సైకిల్ ఆగుతుంది. హీటరుకు అందేది 500 వాట్లు. ఇందులో ఎవరికీ అనుమానం ఉండదు.

కరెంటు కొలవండి. డయోడు లేనప్పుడు 4.35 ఆంపియర్లు. డయోడు పెట్టాక సగం, అంటే 2.17 చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. డీసీని కూడా కలిపి కొలిచే నిజమైన ఆర్‌ఎంఎస్ మీటరు 3.07 చూపిస్తుంది. దాన్ని 230 తో గుణిస్తే 707 వీఏ. పవర్ ఫ్యాక్టర్ 0.707. ఇక కాలిక్యులేటర్‌లో కాస్ ఇన్వర్స్ నొక్కితే 45 డిగ్రీలు.

ఆ 45 డిగ్రీలు ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. వోల్టేజీ సున్నా అయినప్పుడు కరెంటూ సున్నా, వోల్టేజీ పీక్‌లో ఉన్నప్పుడు కరెంటూ పీక్‌లో. కరెంటును హార్మోనిక్స్‌గా (50 హెర్ట్జ్, దాని గుణిజాల సైన్ వేవ్‌లుగా) విడదీసి 50 హెర్ట్జ్ ముక్కను మాత్రం చూసినా అది వోల్టేజీతో అడుగు కలిపే నడుస్తుంది, అర డిగ్రీ కూడా జరగదు. ఆ ముక్క విలువ 2.17 ఆంపియర్లు, 230 తో గుణిస్తే సరిగ్గా 500 వాట్లు. మిగిలినదంతా డీసీ, సరి హార్మోనిక్స్. అదీ ఆర్‌ఎంఎస్‌లో 2.17 ఆంపియర్లే. అది వైర్లను వేడెక్కిస్తుంది, సోర్సు నుంచి ఒక్క వాటు కూడా తేదు. పవర్ ఫ్యాక్టర్ తగ్గింది కరెంటు ఆలస్యమైనందుకు కాదు, ఆకారం చెడినందుకు.

మా పిల్ల బల్బులోనూ జరుగుతున్నది ఇదే. చాలా ఎల్‌ఈడీ బల్బుల్లో, చార్జర్లలో ముందు బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (ఏసీని ఒకే దిక్కుకు మళ్లించే నాలుగు డయోడులు), వెనక కెపాసిటర్. మెయిన్స్ వోల్టేజీ కెపాసిటర్ వోల్టేజీని దాటిన కాసేపే కరెంటు లోపలికి వస్తుంది. ఆ కాసేపు పీక్ చుట్టూ ఉంటుంది. కాబట్టి కరెంటు సన్నటి సూదుల్లా వస్తుంది, సూదుల మధ్య ఏమీ ఉండదు. సూది పీక్ దగ్గరే ఉంది కాబట్టి ఆలస్యం అనేది దాదాపు లేదు. ఆలస్యం లేనిదాన్ని కెపాసిటర్ పెట్టి తొందరపెడితే ఏమవుతుంది? అనవసరమైన కరెంటు ఇంకొంచెం కలుస్తుంది. 0.38 అలా వచ్చిందే.

స్నేహితుడి గొడవ

ఇదంతా నా స్నేహితుడొకడికి ఫోన్లో చెప్పాను. ట్రాన్స్‌మిషన్ లైన్ల లెక్కలతో బతికేవాడు. వినీ వినగానే నవ్వాడు. "నీ గొడవంతా 'ఐ' అనే ఒక్క అక్షరం గురించే కదరా" అన్నాడు.

అతని వాదన గట్టిదే, అందుకే పూర్తిగా రాస్తున్నాను. సరఫరా వోల్టేజీ దాదాపు ఎప్పుడూ సైన్ వేవే. వోల్టేజీలో 50 హెర్ట్జ్ తప్ప ఇంకేమీ లేనప్పుడు, కరెంటులో ఎన్ని హార్మోనిక్స్ ఉన్నా వాటితో గుణించి సగటు తీస్తే సున్నా. మిగిలేది 50 హెర్ట్జ్ కరెంటుతో వచ్చేది మాత్రమే. కాబట్టి వి ఐ కాస్ ఫై ఇప్పటికీ నిజమే. 'ఐ' అంటే ఫండమెంటల్ కరెంటు (ఆ 50 హెర్ట్జ్ ముక్క) అనీ, ఫై అంటే దాని కోణం అనీ చదువుకోవాలి, అంతే. డయోడు హీటరులో 230 × 2.17 × 1 = 500. నీ లెక్కే నాకు సాక్ష్యం అన్నాడు.

ఇంకా అన్నాడు. ప్రపంచంలో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వందల కిలోమీటర్ల లైన్లు ఉన్నాయి. వాటి ముందు నీ బల్బెంత? 1893లో షికాగో ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో ఇంజనీరు స్టైన్‌మెట్జ్ కాంప్లెక్స్ నంబర్ల పద్ధతి ముందుపెట్టకపోతే ఈ పెద్ద పెద్ద నెట్‌వర్కుల లెక్క ఎవరు కట్టగలిగేవాళ్లు? క్షణక్షణం గుణించుకుంటూ కూర్చుంటే లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత పవర్ పారుతుందన్న లెక్క) ఎప్పటికి తేలుతుంది?

ఇందులో చాలావరకు ఒప్పుకుంటాను. ఫేజర్లు (సైన్ వేవ్‌ను కోణమున్న బాణంగా చూపే ఆ కాంప్లెక్స్ నంబర్లు) లేకుండా పవర్ సిస్టమ్ పాఠం చెప్పమంటే నా వల్ల కాదు. ఫార్ములాను పుస్తకాల్లోంచి తీసేయమని కూడా నేననడం లేదు. కానీ రెండు సంగతులు మనసులో గుచ్చుకుంటూనే ఉన్నాయి.

మొదటిది, అతను చెప్పిన ఆ ఫండమెంటల్ కరెంటు ఏ మామూలు మీటరూ చూపించదు. క్లాంప్ మీటరు మొత్తం ఆర్‌ఎంఎస్ చూపిస్తుంది. చవక రకమైతే అదీ చూపించదు: రెక్టిఫై చేసిన కరెంటు సగటు తీసి, సైన్ వేవ్ అనుకుని 1.11 తో గుణించి చూపిస్తుంది. సూదుల్లాంటి కరెంటు దగ్గర అది తక్కువ చెప్తుంది. చేతిలో ఉన్న 'ఐ' వేరు, ఫార్ములాలో ఉండాల్సిన 'ఐ' వేరు, రెండిటికీ అక్షరం ఒకటే. విద్యార్థి మోసపోక ఏం చేస్తాడు?

రెండోది నాకింకా ముఖ్యం. "హార్మోనిక్స్‌తో గుణించి సగటు తీస్తే సున్నా" అన్నాడు కదా. ఏమిటి ఆ సగటు? క్షణక్షణపు లబ్ధాల సగటే. తన ఫార్ములాను కాపాడుకోవడానికి కూడా అతను అసలు నిర్వచనం గుమ్మం ముందుకే రావలసి వచ్చింది. ఇంటి తాళం ఎక్కడుందో తెలిసినవాడు కిటికీలోంచి దూకినా ఫర్వాలేదు. తాళం ఉందనే తెలియని పిల్లలకు కిటికీ మాత్రం చూపిస్తున్నాం. నా బాధ అది.

ఇది ఎల్‌ఈడీలు తెచ్చిన కొత్త రోగమని కూడా అనుకోకండి. ఆర్క్ దీపాల్లో కరెంటుకూ వోల్టేజీకీ మధ్య నిజంగా ఫేజ్ తేడా ఉంటుందా అని 1892లోనే ఒకాయన ప్రశ్న వేసి రాశాడు. ఆయన ఎవరో కాదు, మా వాడు తలచుకున్న స్టైన్‌మెట్జే. ఈ మాట చెప్తే ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే, పాఠంలో ముందు ఏది రావాలన్నది నువ్వూ మీ మేష్టార్లూ తేల్చుకోండి" అన్నాడు. గెలిచానని చెప్పను. సైకిల్ తొక్కడం వచ్చాక చైన్ గురించి చెప్పొచ్చు కదా అన్న అతని చివరి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. చైన్ ఊడినప్పుడు దిగి చూడాలన్న సంగతైనా ముందు చెప్పాలి కదా అని గొణిగాను.

నేను చెప్పిన అబద్ధం

ఇప్పుడు నా తప్పు. రియాక్టివ్ పవర్ అంటే ఏమిటని ఎవరడిగినా ఏళ్ల తరబడి ఒకటే చెప్పాను: "సోర్సు నుంచి లోడుకు వెళ్లి తిరిగొచ్చే పవర్." కాయిల్‌కీ కెపాసిటర్‌కీ అది నిజమే. ఆ −0.25 అదే. ఒకరోజు క్లాసులో డిమ్మర్ గురించి చెప్తున్నాను. అదే 1000 వాట్ల హీటరు, డయోడు స్థానంలో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్, ప్రతి అర సైకిల్‌లో 90 డిగ్రీల దాకా ఆగి అప్పుడు కరెంటును వదులుతుంది. మళ్లీ 500 వాట్లే, మళ్లీ 3.07 ఆంపియర్లే, మళ్లీ 707 వీఏ. పవర్ ఫ్యాక్టర్ 0.707, డయోడులో వచ్చిన అంకే.

కానీ ఈసారి ఫండమెంటల్ కరెంటు వోల్టేజీ కన్నా 32.5 డిగ్రీలు వెనకబడుతుంది. లెక్క కడితే 318 వార్లు. బోర్డు మీద అంకె వేసి తిరిగేలోగా వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న. "సర్, హీటర్‌లో దాచుకోవడానికి ఏమీ లేదు కదా. ఈ 318 ఎప్పుడు తిరిగొచ్చింది?"

ఎప్పుడూ రాలేదు. హీటరులో కరెంటు పారుతున్న ప్రతి క్షణం వోల్టేజీ గుర్తే కరెంటుకూ ఉంటుంది. క్షణపు లబ్ధం ఎప్పుడూ ప్లస్సే, లేదా సున్నా. పట్టికలో ఒక్క మైనస్ కూడా లేదు. అయినా 318 వార్లు ఉన్నాయి. నేను ఏళ్లుగా చెప్పిన వాక్యం ఆ ఒక్క ప్రశ్నతో బోర్డు మీదే పగిలింది. "రేపు చెప్తాను" అన్నాను. ఆ రేపు రావడానికి నాకు చాలాకాలం పట్టింది.

తర్వాత చదివితే తెలిసింది, దీనిమీద పెద్దవాళ్లకే పొత్తు కుదరలేదని. 1927లో రొమేనియాకు చెందిన బుడేను సైన్ వేవ్‌లు కాని సర్క్యూట్లకు రియాక్టివ్ పవర్‌కొక నిర్వచనం, దానికి తోడు డిస్టార్షన్ పవర్ అనే ఇంకో ముక్క ఇచ్చాడు. 1930ల మొదట్లో పోలండ్‌కు చెందిన ఫ్రిజె అసలు హార్మోనిక్స్ జోలికే పోకుండా వేరే దారి పట్టాడు. బుడేను నిర్వచనం ఏ భౌతిక విషయాన్నీ సరిగా చెప్పడం లేదని చర్నెట్స్కీ 1987లో వాదించాడు. ఐఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం) 1459 ప్రమాణం ఫండమెంటల్‌ను ఒక పక్క, మిగతాదాన్ని ఇంకో పక్క పెట్టి లెక్కించమంటుంది. వాదాలన్నీ చదివితే తల తిరుగుతుంది.

కానీ గమనించారా, ఆ తగవంతా రియాక్టివ్ పవర్ మీదా, అప్పరెంట్ పవర్‌ను ఎలా ముక్కలు చేయాలన్నదాని మీదా. రియల్ పవర్ విషయంలో వీళ్లెవరికీ తేడా లేదు. ఎందుకంటే అది లబ్ధాల సగటు, ఎవరు తీసినా ఒకటే వస్తుంది. నేనింతగా ఆ నిర్వచనం మీద పట్టుబట్టడానికి ఇదొక పెద్ద కారణం.

ఫ్రిజె ఆలోచన నాకు నచ్చుతుంది, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంతే రియల్ పవర్‌ను ఇవ్వగల అతి తక్కువ కరెంటు ఎంత? అది వోల్టేజీ ఆకారంలోనే ఉండాలి. మా పిల్ల బల్బుకు 9 ని 230 తో భాగిస్తే 39 మిల్లీఆంపియర్లు. బల్బు నిజంగా తీసుకుంటున్నది 78. వైర్లలో నష్టం కరెంటు వర్గం చొప్పున పెరుగుతుంది, అంటే నాలుగింతలు. ఫై లేదు, కోణం లేదు, దాచిన కాయిల్ లేదు. "0.5 అంటే ఏంటి మావయ్యా" అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

మీటరు ఏం చేస్తుంది

సరదాగా ఉండే సంగతేమిటంటే, పవర్ కొలిచే పరికరాల్లో చాలావాటికి కాస్ ఫైతో పనే లేదు. పాతకాలపు డైనమోమీటర్ వాట్‌మీటర్‌లో రెండు కాయిళ్లు. ఒకదాంట్లో లోడు కరెంటు, ఇంకోదాంట్లో వోల్టేజీకి తగ్గ చిన్న కరెంటు. ముల్లు మీద పడే తోపు రెండిటి లబ్ధానికి తగ్గట్టు ఉంటుంది. అదీ ఆ క్షణపు లబ్ధం. సెకనుకు 100 సార్లు ఊగే తోపు వెంట బరువైన ముల్లు పరిగెత్తలేదు, కాబట్టి సగటు దగ్గర నిలబడుతుంది. గుణకారం అయస్కాంతాలు చేస్తే, సగటు ముల్లు బద్ధకం తీస్తుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు కూడా సెకనుకు వేలసార్లు వోల్టేజీనీ కరెంటునూ చదివి, గుణించి, కూడుకుంటూ పోతుంది. కావాలంటే పవర్ ఫ్యాక్టర్‌ను చివర్లో భాగహారంతో తీస్తుంది. మనం పాఠంలో మొదట పెట్టినది మీటరులో ఆఖర్న వస్తుంది. (డిస్క్ తిరిగే పాత ఇండక్షన్ మీటర్లను ఈ మాటకు మినహాయించాలి. వాటిలో వోల్టేజీ కాయిల్ ఫ్లక్స్‌ను 90 డిగ్రీలు వెనక్కి నెట్టే ఏర్పాటు ఉంటుంది, అది ఒక్క ఫ్రీక్వెన్సీకే కుదురుతుంది.)

ఇంకా ముచ్చటైనది మూడు వోల్ట్‌మీటర్ల పద్ధతి. 1891లో ఎయిర్టన్, సంప్నర్ ప్రకటించారు. లోడుకు సిరీస్‌లో తెలిసిన రెసిస్టర్ ఒకటి పెట్టి, మొత్తం మీద ఒక వోల్టేజీ, రెసిస్టర్ మీద ఒకటి, లోడు మీద ఒకటి కొలుస్తారు. మొత్తం వోల్టేజీ వర్గంలోంచి మిగతా రెండిటి వర్గాలు తీసేసి, రెసిస్టెన్స్‌కు రెట్టింపుతో భాగిస్తే లోడు రియల్ పవర్. రెండు అంకెల మొత్తాన్ని వర్గం చేస్తే మధ్యలో రెండింతల లబ్ధం వస్తుందని బడిలో నేర్చుకున్నాం కదా, అదే ఇక్కడి కిటుకు. ఆ మధ్య లబ్ధం సగటులోనే పవర్ దాగి ఉంది. మీటర్లు నిజమైన ఆర్‌ఎంఎస్ చూపిస్తే చాలు, కరెంటు ఏ ఆకారంలో ఉన్నా ఫర్వాలేదు. చాలా పుస్తకాల్లో మాత్రం దీన్ని ఫేజర్ త్రిభుజం గీసి, కాస్ ఫై కనుక్కునే పద్ధతిగా కుదించేశారు. ఏ కరెంటుకైనా చెల్లేదాన్ని సైన్ వేవ్‌కు కట్టిపడేశారు.

నిర్వచనం తెలిస్తే అన్నీ సులువని మాత్రం అనలేను. ఒకసారి మైక్రోకంట్రోలర్‌తో సొంతంగా పవర్ మీటరు కట్టాను. ముందు వోల్టేజీ చదవడం, వెంటనే కరెంటు చదవడం, గుణించి కూడటం. హీటరు పెడితే సరిగ్గా చూపించింది. మహా గర్వంగా 4 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టాను, సున్నా వస్తుందని. మైనస్ 2 వాట్లు వచ్చింది. కెపాసిటర్ పవర్ పుట్టిస్తోంది! ఆ రాత్రంతా వైరింగ్ తిప్పి తిప్పి పెట్టాను, సెన్సార్ మార్చాను, ఒకటే టెన్షన్. కారణం తెల్లారాక దొరికింది. ఒక రీడింగుకూ తర్వాతి దానికీ మధ్య సుమారు 100 మైక్రోసెకన్లు పడుతోంది. 50 హెర్ట్జ్‌లో అది 1.8 డిగ్రీలు. ఒకే క్షణపు వోల్టేజీని ఒకే క్షణపు కరెంటుతో గుణించాలన్న షరతును నేనే తప్పాను. కెపాసిటర్ తీసుకునే 66 వీఏలో మూడు శాతం తప్పుడు పవర్‌గా తేలింది. హీటరు దగ్గర ఆ 1.8 డిగ్రీలు కనబడనే కనబడవు. పవర్ ఫ్యాక్టర్ 0.1 ఉన్న లోడు దగ్గర ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, వాట్లలో 17 శాతం తప్పు.

నిజం చెప్పాలంటే ఆ డిగ్రీల లెక్క కట్టి తప్పు పట్టుకున్నది కాస్ ఫైతోనే. మా స్నేహితుడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మైనస్ అంటే మనకెంత భయమో చదువుకునే రోజుల్లో ఒక ల్యాబ్‌లో చూశాను. త్రీ ఫేజ్ మోటారు, లోడు లేకుండా తిరుగుతోంది, రెండు వాట్‌మీటర్లు. గుర్తులతో సహా రెండిటి రీడింగులు కలిపితే మోటారు పవర్. 400 వోల్టులు, 5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.2 అనుకోండి. ఒక మీటరు 1326 చూపిస్తే రెండోదాని ముల్లు సున్నాకు వెనక్కి కొట్టుకుంటుంది. కనెక్షన్ తప్పిందేమోనని కాయిల్ తిప్పి పెట్టాం. 633 వచ్చింది. కూడేశాం, 1959 వాట్లు. ఖాళీగా తిరిగే మోటారు అంత తింటుందా అని నలుగురిలో ఒక్కరమూ అడగలేదు. తీసేయాలి, జవాబు 693. పవర్ ఫ్యాక్టర్ 0.5 కన్నా తగ్గితే రెండో మీటరు వెనక్కి తిరగాల్సిందే. రికార్డులో ఎర్ర సున్నా పడ్డాక కూడా మేం తెలుసుకున్నది "తిప్పి పెడితే మైనస్ వేయాలి" అన్న నియమాన్నే. ఆ మీటరు చూసే వోల్టేజీకీ కరెంటుకీ లబ్ధాల సగటు మైనస్ అవ్వొచ్చన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మా అక్క కూతురు కెపాసిటర్ పెట్టలేదు. నేను పంపిన నాలుగు వాక్యాలు చదివి, ల్యాబ్‌లో మేష్టారి దగ్గరుండి, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద బల్బు వెలిగించి, చిన్న రెసిస్టర్ మీద కరెంటు చూసుకుంటూ స్కోప్‌లో ఒక సైకిల్ పట్టుకుంది. 2000 పాయింట్లు. స్ప్రెడ్‌షీట్‌లో రెండు వరసలు, మూడో వరసలో లబ్ధాలు, అడుగున సగటు. 8.6 వాట్లు వచ్చిందట. కోణం అన్న గడి ఎక్కడా లేదు.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్. "మావయ్యా, 9 అని రాసి 8.6 ఏంటి? మిగతా 0.4 ఎక్కడ?" ఆ రెసిస్టర్ అసలు విలువ ఎంతో కొలిచావా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.